విదేశీ పాటల పోటీల్లో కటువుగా మాట్లాడే జడ్జి బ్రిటిష్ వాడే ఎందుకవుతాడు?

ప్రశ్న: వాల్తేరు వాణి

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. సీతమ్మధారలో గాత్రం నేర్చుకుంటోంది కాబట్టి, తీరిక దొరికితే చాలు, అమెరికా, బ్రిటన్ టీవీల్లో వచ్చిన పాటల పోటీల పాత వీడియోలు ఫోనులో పెట్టుకుని కూర్చుంటుంది. ఆమెతోపాటు నేనూ చూడడం మొదలుపెట్టాక ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. అమెరికన్ ఐడల్‌లో వచ్చినవాళ్లనందరినీ ఎడాపెడా దులిపేసే సైమన్ కోవెల్ బ్రిటిష్ వాడు. అమెరికాస్ గాట్ టాలెంట్ మొదటి సంవత్సరాల్లో మొహం చిట్లించి బజర్ నొక్కిన పియర్స్ మోర్గన్ కూడా బ్రిటిష్ వాడే. డాన్సు పోటీలో నైజెల్ లిత్‌గో, బాల్‌రూమ్ డాన్సుల పోటీలో లెన్ గుడ్‌మన్, వంటల పోటీలో నోరు విప్పితే బూతులందుకునే గోర్డన్ రామ్సే, వీళ్లందరిదీ ఆ దేశమే. పక్కన కూర్చున్న అమెరికా వాళ్లు మాత్రం పాడిన పిల్లల కన్నా ముందే కన్నీళ్లు పెట్టుకునేటంత మెత్తగా ఉంటారు.

నేను పాడుతా తీయగా చూస్తూ పెరిగినదాన్ని. బాలసుబ్రహ్మణ్యం గారు ఒక పిల్లవాడి తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు, ముందు ఆ పాట రాసిన కవి గురించి, బాణీ కట్టిన సంగీత దర్శకుడి గురించి నాలుగు మాటలు చెప్పి, పిల్లవాడి భయం కాస్త తగ్గిందనుకున్నాకే ‘ళ’ పలకవలసిన చోట ‘ల’ పలికిన సంగతి ఎత్తుకునేవారు. ఆ అలవాటుతో చూసినందువల్ల కాబోలు, ఈ విదేశీ జడ్జీల ధోరణి నాకు మింగుడుపడడం లేదు.

నా సందేహం ఏమిటంటే, కటువుగా మాట్లాడడం బ్రిటిష్ వాళ్ల స్వభావమా, లేక ఆ కార్యక్రమాలు తీసేవాళ్లు కావాలనే అలాంటివాళ్లను ఏరి తెచ్చుకుంటారా? వాళ్లు ఉన్న నిజం చెబుతారని, మనవాళ్లే మొహమాటపడతారని మా అమ్మాయి వాదన. ఆ మాట నాకు రుచించలేదు గాని, కాదని చెప్పడానికి తగినంత సమాచారం నా దగ్గర లేదు. తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే సంతోషిస్తాను.

సమాధానం: తెరవెనుక మనిషి, మధురవాడ

వాణి గారూ, నేను కొంతకాలం హైదరాబాదులో టీవీ కార్యక్రమాల నిర్మాణంలో పనిచేసి ఇప్పుడు మధురవాడలో స్థిరపడ్డాను. ఆ వృత్తిలో ఉన్నవాళ్లెవరైనా మీ ప్రశ్నకు మొదట చెప్పే సమాధానం, ఆ కార్యక్రమాలు ఎక్కడ తయారయ్యాయో చూడమనే.

ఈ తరహా పోటీకి బీజం 1999లో న్యూజిలాండ్‌లో వచ్చిన పాప్‌స్టార్స్. అది ఆస్ట్రేలియా మీదుగా 2001 మొదట్లో బ్రిటన్ చేరినప్పుడు, అక్కడి జడ్జీల్లో ఒకరైన నైజెల్ లిత్‌గో పిల్లల మొహం మీదే మాట అనేస్తున్నాడని పత్రికలు ఆయనకు ‘నాస్టీ నైజెల్’ అని పేరు తగిలించాయి. ఆ పేరు వల్ల కార్యక్రమానికి నష్టం జరగలేదు సరికదా, పొద్దున్నే పత్రికల్లో దాని గురించి ఉచితంగా చర్చ జరిగింది. అదే సంవత్సరం అక్టోబరులో సైమన్ ఫుల్లర్ రూపొందించిన పాప్ ఐడల్ మొదలైంది. కోవెల్ మొదటిసారి జడ్జిగా కూర్చున్నది అందులోనే. అయితే అక్కడి నలుగురు జడ్జీలూ బ్రిటిష్ వాళ్లే కాబట్టి, కోవెల్ బ్రిటిష్ వాడన్న సంగతి అక్కడ ఎవరికీ వింతగా కనిపించే అవకాశమే లేదు.

ఆ కార్యక్రమాన్ని అమెరికాలో కొనడానికి పెద్ద ఛానళ్లు మొదట వెనకాడాయి. బ్రిటన్‌లో దాన్ని చూసిన ఎలిజబెత్ మర్డాక్ తన తండ్రి రూపర్ట్ మర్డాక్‌కు చెప్పిన తర్వాతే ఆయన ఛానల్ ఫాక్స్ దాన్ని తీసుకున్నదని ఆ రంగంలో అందరూ చెప్పుకునేదే. 2002 జూన్‌లో అమెరికన్ ఐడల్ మొదలైనప్పుడు దాన్ని నడిపించిన నిర్మాతలు ఇదే లిత్‌గో, ఆయన సహచరుడు కెన్ వార్విక్. కొత్త యంత్రం కొన్నప్పుడు దాన్ని నడపడం తెలిసిన మేస్త్రీ కూడా వెంట వచ్చినట్టు, కార్యక్రమంతోపాటు కోవెల్ కూడా వెళ్లాడు.

బ్రిటన్ నుంచి ఇలాంటి కార్యక్రమాలు అంతగా ఎగుమతి కావడం కాకతాళీయం కాదు. 1990 నాటి ప్రసార చట్టం, ఛానళ్లు తమ కార్యక్రమాల్లో నాలుగో వంతు బయటి నిర్మాణ సంస్థల నుంచి తీసుకోవాలని నిర్దేశించింది. 2003 చట్టం తర్వాత ఆ సంస్థలు తమ కార్యక్రమాల హక్కులను తమ వద్దే ఉంచుకుని విదేశాలకు అమ్ముకునే వీలు మరింత పెరిగింది. మనం 2000లో అమితాబ్ బచ్చన్ గారితో చూసిన కౌన్ బనేగా కరోడ్‌పతి కూడా 1998లో బ్రిటన్‌లో పుట్టిన క్విజ్ రూపమే.

ఇక్కడ చాలామంది మరిచిపోయే పేరు ఒకటుంది. కోవెల్ అమెరికా తెర మీద కనిపించడానికి ఒక సంవత్సరం ముందే, 2001లో, ది వీకెస్ట్ లింక్ అనే క్విజ్ అక్కడి ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైంది. దాన్ని నడిపిన ఆన్ రాబిన్సన్ బ్రిటిష్ మహిళ. నల్లని దుస్తులు, కళ్లద్దాలు, తప్పు చెప్పినవాళ్లను చిన్నబుచ్చి సాగనంపే ధోరణి ఆమె ముద్ర. అమెరికా ప్రేక్షకులు నొచ్చుకోలేదు, ఆసక్తిగా చూశారు. అంటే బ్రిటిష్ నోటి దురుసుతనం అక్కడ చెల్లుబాటవుతుందని ఛానళ్లకు అప్పటికే ఒక నమూనా చేతిలో ఉంది.

మీరు చెప్పిన అయిదు పేర్లనూ ఈ వెలుగులో మళ్లీ చూడండి. లిత్‌గో జడ్జిగా కూర్చున్న సో యు థింక్ యు కెన్ డాన్స్, ఆయనే ఫుల్లర్‌తో కలిసి 2005లో మొదలుపెట్టిన కార్యక్రమం. అమెరికాస్ గాట్ టాలెంట్ 2006లో కోవెల్ నిర్మించినది. తాను ఐడల్‌కు కట్టుబడి ఉన్నాడు కాబట్టి, డైలీ మిర్రర్ పత్రికకు ఒకప్పటి సంపాదకుడైన మోర్గన్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. గుడ్‌మన్ కూర్చున్న డాన్సింగ్ విత్ ది స్టార్స్, బీబీసీ వారి 2004 నాటి స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్‌కు అమెరికా రూపం. రామ్సే హెల్స్ కిచెన్ కూడా బ్రిటన్‌లో 2004లో, అమెరికాలో 2005లో వచ్చింది. కాబట్టి అయిదు ఛానళ్లు విడివిడిగా ఆలోచించి అయిదుగురు బ్రిటిష్ వాళ్లను ఎంచుకున్నాయని అనుకోనక్కరలేదు. ఒకరికొకరు పరిచయస్తులైన కొద్దిమంది నిర్మాతలు తమతో తెచ్చుకున్న మనుషులే ఎక్కువ.

వృత్తి రహస్యం ఒకటి కూడా చెబుతాను. పాత ఐడల్‌లో జడ్జీలు మాట్లాడే వరుస గమనించండి. మొదట రాండీ జాక్సన్, తర్వాత పౌలా అబ్దుల్, చివరికి కోవెల్. ముగ్గురూ బాగుందంటే ఎడిటింగ్ గదిలో మాకు పని ఉండదు, ప్రేక్షకుడికి ఉత్కంఠ ఉండదు. ఇద్దరు మెచ్చుకున్నాక కెమెరా మూడో మనిషి వైపు తిరగడం, పాడిన పిల్ల మొహం దగ్గరగా చూపించడం, ఆ మనిషి పెదవి విరవడం, హాలంతా గోల చేయడం, ఇవన్నీ వరుసగా పడితే ఆ భాగం తనంతట తానే నిలబడుతుంది. మేము రియాక్షన్ షాట్ అనేది దీన్నే. కటువు మాట చివర రావడంలోనే సగం బలం ఉంది.

సమాధానం: విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు, ఎంవీపీ కాలనీ

మధురవాడ మిత్రులు సరుకు ఎక్కడిదో చక్కగా చెప్పారు. అయితే ఆ సరుకు అమెరికాలో అంతగా ఎందుకు నచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంది. నా దృష్టిలో దానికి ఉచ్చారణ ముఖ్య కారణం.

మనిషి మొహం చూపించకుండా గొంతు మాత్రమే వినిపించి, ఆ గొంతు గల వ్యక్తి ఎలాంటివాడని అడిగే పరిశోధనా పద్ధతిని వాలెస్ లాంబర్ట్ 1960లో మాంట్రియల్‌లో వాడారు. తర్వాత హోవర్డ్ గైల్స్ వంటివారు దాన్ని బ్రిటిష్ ఉచ్చారణల మీద విస్తృతంగా ప్రయోగించారు. అమెరికన్ శ్రోతలకు చదువుకున్న బ్రిటిష్ గొంతు వినిపించినప్పుడు, వారు ఆ వ్యక్తికి హోదాలో, సామర్థ్యంలో ఎక్కువ మార్కులు వేసి, ఆత్మీయతలో తక్కువ వేశారు. తెలివైనవాడే గాని మనవాడు కాడు అన్నమాట. న్యాయనిర్ణేత కుర్చీకి అంతకన్నా తగిన ముద్ర మరొకటి ఉండదు. వినోద పరిశ్రమ ఈ ముద్రను ఐడల్‌కు ఎంతో ముందు నుంచే వాడుకుంటోంది. 1994 నాటి ది లయన్ కింగ్ కార్టూన్ చిత్రంలో ఒకే కుటుంబానికి చెందిన సింహాల్లో కథానాయకుడికి అమెరికన్ గొంతు, అతని దుర్మార్గుడైన బాబాయికి బ్రిటిష్ నటుడు జెరెమీ ఐరన్స్ గొంతు పెట్టారు. ఒకే గుహలో పుట్టిన సింహాలకు రెండు దేశాల ఉచ్చారణ ఎలా వచ్చిందని ఏ అమెరికన్ ప్రేక్షకుడూ అడిగినట్టు లేదు.

ఇది మనకు కొత్త కాదు. మన ఉత్తరాంధ్ర యాసను తెలుగు సినిమా ఎన్నేళ్లు హాస్యగాడికి, పనివాడికి కేటాయించిందో, రాయలసీమ యాసను కత్తి పట్టినవాడికి ఎలా అంటగట్టిందో మనకు తెలుసు. శ్రీకాకుళం మనిషి నోరు తెరవగానే హాలులో నవ్వు మొదలవుతుంది, అతను చెప్పబోయేది చావు కబురైనా సరే. అలాగే కోవెల్ నోరు తెరవగానే, ఆయన ఏమంటాడో వినకముందే, ఈయన మొహమాటపడే రకం కాదని అమెరికన్ శ్రోత నిర్ణయించుకుంటాడు. మనలో మనకు విజయనగరం మాటకీ టెక్కలి మాటకీ తేడా తెలుస్తుంది. హైదరాబాదులో కూర్చున్నవారికి అన్నీ ఒక్కటే. అమెరికన్లకూ అంతే. హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో కలిగిన కుటుంబంలో పెరిగిన కోవెల్ మాట, లండన్ సామాన్య జన వాసన గల గుడ్‌మన్ మాట, స్కాట్లండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన రామ్సే మాట బ్రిటన్‌లో మూడు వేర్వేరు అంతస్తులను సూచిస్తాయి. సముద్రం దాటాక అన్నీ కలిసి ఒకే బ్రిటిష్ గొంతు అయిపోతాయి.

బ్రిటన్‌లో కూడా ఈ పాత్రకు పాత పునాది ఉంది. క్రిస్మస్ రోజుల్లో అక్కడ పాంటోమైమ్ అనే నాటకాలు ఆడతారు. దుష్టపాత్ర వేదిక మీదికి రాగానే పిల్లలూ పెద్దలూ కలిసి బిగ్గరగా ఛీకొట్టడం అందులో ఆనవాయితీ, ఆ నటుడు కోరుకునేదీ అదే. 1973లో ఐటీవీలో మొదలైన న్యూ ఫేసెస్ అనే ప్రతిభా పోటీలో టోనీ హ్యాచ్, మిక్కీ మోస్ట్ వంటి సంగీత వ్యాపార ప్రముఖులు కొత్తవాళ్లను మొహం మీదే విమర్శించి పేరు పొందారు. కోవెల్ ఆ పరంపరకు వారసుడే గాని ఆద్యుడు కాడు.

మాటవరసకు చెబుతున్నాను, కటువుదనం మన సంప్రదాయంలో లేదనుకోవడం కూడా పొరపాటు. ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టును ఓడించి అతని కంచుఢక్కను పగలగొట్టించిన శ్రీనాథుణ్ణి మనం ఇప్పటికీ గర్వంగానే తలచుకుంటాం. ఓడినవాణ్ణి ఓదార్చి పంపిన దాఖలా ఆ కథలో ఎక్కడా లేదు.

సమాధానం: ఋషికొండ నైట్ షిఫ్ట్

స్వభావం సంగతి ఒక్క మాట చెప్పి వెళతాను. కాల్ సెంటర్ ఉద్యోగం వల్ల బ్రిటన్ కస్టమర్లతోనూ, అమెరికా కస్టమర్లతోనూ మాట్లాడాను. బ్రిటిష్ వాళ్లు కోపంలో కూడా ముందు క్షమాపణ చెప్పి, తర్వాత వాతావరణం గురించి మాట్లాడి, ఆఖరున గాని ఫిర్యాదు చెప్పరు. ఫోను పెట్టేశాక గాని మనల్ని తిట్టారన్న సంగతి మనకు అర్థం కాదు. సూటిగా అరిచేది అమెరికా వాళ్లే. కాబట్టి కోవెల్‌ను చూసి ఆ దేశం స్వభావం అంచనా కట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆయన తన దేశంలో కూడా వింత మనిషే.

మళ్లీ అడిగినవారు: వాల్తేరు వాణి

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పిన యాస సంగతి నేను ఊహించనిది. అయితే ఒక చిక్కు ఉంది. ఇండియన్ ఐడల్‌లో అనూ మాలిక్ గారు 2004 నుంచీ కటువుగా మాట్లాడడంలో పేరున్నవారే. 2017లో మన విశాఖలో పెరిగిన రేవంత్ గెలిచినప్పుడు కూడా ఆయన ఆ కుర్చీలో ఉన్నారు. ఆయనకు బ్రిటిష్ ఉచ్చారణ లేదు, పరాయి దేశమూ కాదు. మరి ఇక్కడ ఏ కారణం పనిచేసింది?

సమాధానం: ఒప్పుకోను గాని వింటాను

వాణి గారి చిక్కులోనే అసలు సమాధానం ఉంది. కటువైన జడ్జి బ్రిటిష్ వాడు కావడం అమెరికా వరకే నిజం. ఐడల్ వెళ్లిన చాలాచోట్ల ఒక కుర్చీని నోటి దురుసు మనిషికి ఇచ్చారు. ఆ మనిషి ఏ దేశస్థుడన్నది ఆయా చోట్ల మారింది. జర్మనీలో 2002లో మొదలైన ఐడల్ రూపంలో దాదాపు రెండు దశాబ్దాలు పిల్లలను ఏడిపించినవాడు డీటర్ బోలెన్, ఆయన అచ్చమైన జర్మన్. కెనడాలో జాక్ వెర్నర్ స్థానికుడు. మన దేశంలో అనూ మాలిక్. ఆస్ట్రేలియాలో 2003లో ఆ పని చేసిన ఇయన్ డిక్సన్ మాత్రం ఇంగ్లండ్ నుంచి వెళ్లినవాడు. దీనికి వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది. బ్రిటన్‌లోని స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్‌లో అందరికన్నా తక్కువ మార్కులు వేసి ఛీకొట్టించుకునే క్రెయిగ్ రెవెల్ హోర్‌వుడ్ ఆస్ట్రేలియాలో పుట్టినవాడు!

అమెరికాకు కటువుదనం బ్రిటన్ నేర్పిందన్నది కూడా పూర్తిగా నిజం కాదు. పాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపేయడానికి గంట మోగించే గాంగ్ షో 1976లో అక్కడే మొదలైంది. న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో 1930ల నుంచీ జరిగే ఔత్సాహికుల రాత్రుల్లో ప్రేక్షకులే గోల చేసి గాయకుణ్ణి దింపేసేవారు. మోర్గన్ వెళ్లిపోయాక గాట్ టాలెంట్‌లో కొన్నేళ్లు కూర్చున్న హోవర్డ్ స్టర్న్ అమెరికనే, ఆయనేమీ మెతక మనిషి కాడు. మనకు తెలుగు సబ్‌టైటిళ్లు లేకపోయినా అర్థమయ్యేవి అమెరికా వీడియోలు కాబట్టి అవే చూస్తాం, అవే చూసి ప్రపంచమంతా అలాగే ఉందనుకుంటాం. జర్మన్ తెలిసినవారైతే ఈ చర్చలో మరో రకమైన ప్రశ్న అడిగేవారు.

సమాధానం: గాత్రం టీచర్, సీతమ్మధార

అందరూ దేశం గురించి, యాస గురించి మాట్లాడుతున్నారు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వృత్తి ఏమిటో ఎవరూ చెప్పలేదు. నాకు అదే ముఖ్యంగా తోస్తోంది.

పౌలా అబ్దుల్ పాడింది, డాన్సు చేసింది, చేయించింది. రాండీ జాక్సన్ బేస్ గిటారు వాయించాడు, రికార్డులు తయారుచేశాడు. కోవెల్ గాయకుడు కాదు. పదహారో ఏట బడి వదిలేసి, తర్వాత ఇ.ఎం.ఐ. అనే సంగీత సంస్థలో ఉత్తరాలు అందించే విభాగంలో చేరి, పైకి వచ్చి రికార్డు కంపెనీ అధికారి అయ్యాడు. 1990లలో ఆయన చేసిన లాభసాటి పనుల్లో టీవీ సీరియల్ నటులైన రాబ్సన్, జెరోమ్‌ల చేత పాడించడం ఒకటి, పసిపిల్లల కార్యక్రమం టెలిటబ్బీస్ పాటను రికార్డుగా అమ్మడం మరొకటి. పాప్ ఐడల్‌లో గెలిచిన విల్ యంగ్ రికార్డులూ, రెండో స్థానంలో నిలిచిన గారెత్ గేట్స్ రికార్డులూ విడుదల చేసింది ఆయన కంపెనీయే. అంటే ఆ కుర్చీలో కూర్చున్నది గురువు కాదు, కొనబోయే మనిషి. ఆస్ట్రేలియాలో డిక్సన్ కూడా రికార్డు కంపెనీ మనిషే. న్యూ ఫేసెస్ జడ్జీలు సంగీత వ్యాపారంలో ఉన్నవారని మాస్టారు గారే రాశారు.

ఈ దృష్టితో కోవెల్ విమర్శలు మళ్లీ వినండి. ఇది కరోకేలా ఉంది, ఇది క్రూయిజ్ ఓడలో పాడే పాట, ఇది హోటలు పాట, ఇలాంటివే ఆయన తరచు వాడే మాటలు. శ్రుతి ఎక్కడ తప్పింది, ఊపిరి ఎక్కడ చాలలేదు, ఏ అక్షరం మింగేసింది, వీటి గురించి ఆయన చెప్పేది చాలా తక్కువ. ఆ అమ్మాయిని ఏ అంగట్లో అమ్మవచ్చో, ఏ అంగట్లో అమ్మలేమో చెబుతున్నాడు. వాణి గారూ, మీ అమ్మాయి అన్నట్టు ఆయన నిజమే చెబుతాడు. అయితే అది బజారుకు సంబంధించిన నిజం. గొంతుకు సంబంధించిన నిజం కావాలంటే వేరే మనిషి దగ్గరకు వెళ్లాలి. బజారు నిజం కూడా ఎల్లకాలం నిలబడదు. 2004 ఐడల్‌లో ప్రేక్షకుల ఓట్లు చాలక ఏడో స్థానంలో వెనుదిరిగిన జెన్నిఫర్ హడ్సన్ మూడేళ్ల తర్వాత సినిమా నటనకు ఆస్కార్ అందుకుంది. 2009లో బ్రిటన్స్ గాట్ టాలెంట్‌లో సూసన్ బాయిల్ అనే గాయని వేదికెక్కినప్పుడు జడ్జీల మొహాల్లో కనిపించిన వెటకారం, ఆమె మొదటి చరణం అందుకోగానే కరిగిపోవడం అందరూ చూశారు. ఆ సంవత్సరాంతానికి ఆమె ఆల్బమ్ వచ్చింది కోవెల్ కంపెనీ నుంచే.

మన తెలుగు పోటీల్లో కూర్చునేవారు దాదాపు అందరూ ఆ వృత్తిలోని వారే. తెలుగు ఇండియన్ ఐడల్‌లో తమన్, కార్తీక్, గీతామాధురి గార్లను చూడండి. ఎదురుగా పాడుతున్న పిల్ల రేపు తమ పాటకే ట్రాక్ పాడడానికి స్టూడియోకు రావచ్చు, కోరస్‌లో నిలబడవచ్చు. 2023లో మన నగరానికి చెందిన సౌజన్య ఆ పోటీ గెలిచినప్పుడు ఆమెకు అందిన వ్యాఖ్యల్లో ఎక్కువ భాగం సంగతులు, గమకాలు, పాట ఎంపిక గురించినవే. దాన్ని మొహమాటం అనడం నాకు ఇష్టం లేదు. ఒక్కోసారి మొహమాటం కూడా ఉంటుందని ఒప్పుకోవాలి, ముఖ్యంగా ప్రముఖుల పిల్లలు పాడినప్పుడు.

నా శిష్యులను ఇలాంటి ఎంపికలకు తీసుకెళ్లినప్పుడు గమనించినది మరొకటుంది. టీవీలో కనిపించే జడ్జీల దగ్గరకు చేరడానికి ముందు వేరే గదులు ఉంటాయి. పిల్లల చొక్కాకు నంబరు కాగితం పిన్నుతో గుచ్చి, పొద్దుటి నుంచి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడతారు. లోపల ట్రైపాడ్ మీద కెమెరా, బల్ల వెనుక ల్యాప్‌టాప్ ముందు ఇద్దరు కుర్రవాళ్లు. పల్లవి సగంలో ఉండగానే చాలమ్మా అంటారు. ఆ తర్వాత నాన్న ఏం చేస్తారు, ఇంట్లో ఎవరైనా వద్దన్నారా, ఎప్పుడైనా పాట మానేయాలనిపించిందా అని పాటకన్నా ఎక్కువ సేపు అడుగుతారు. ఒక ఎంపికలో, శ్రుతి ఏ మాత్రం కుదరని కుర్రవాడొకడు తర్వాతి గదికి వెళ్లాడు, శుభ్రంగా పాడిన పిల్ల వెనక్కి వచ్చింది. అమెరికా, బ్రిటన్‌లలో కూడా నిర్మాతల వడపోత దాటినవారే కోవెల్ ముందుకు వెళతారని అందరికీ తెలిసిందే. అంటే ఆయన తిట్టబోయే మనిషిని ముందే ఎంచి పెట్టి ఉంచుతారు. ఆ మాటలకు నవ్వుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

సమాధానం: తెరవెనుక మనిషి, మధురవాడ

టీచర్ గారు చెప్పిన రెండు గదుల సంగతి అక్షరాలా నిజం. ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఆ కుర్రవాళ్ల పని నేనూ చేశాను. మా జాబితాలో గొంతుకు ఒక గడి ఉంటే, కథకు ఒక గడి, నవ్వు తెప్పించే వాళ్లకు ఒక గడి ఉండేది.

వాణి గారికి ఇంకొక్క విషయం. మీరు గమనించిన ధోరణి ఇప్పుడు అంత బలంగా లేదు. కోవెల్ 2010లో అమెరికన్ ఐడల్ వదిలేశాడు. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లో జాన్ డి మోల్ ది వాయిస్ మొదలుపెట్టాడు. అందులో జడ్జీలు గాయకుడికి వీపు పెట్టి కూర్చుని, గొంతు నచ్చితే కుర్చీ తిప్పుతారు. నచ్చకపోతే తిప్పరు, అంతే. పైగా ఒకరికి మించి కుర్చీ తిప్పితే, ఆ గాయకుడు తమ బృందంలోకి రావాలని జడ్జీలే బతిమాలుకోవాలి, ఇక తిట్టడానికి అవకాశం ఎక్కడుంటుంది? అది 2011లో అమెరికా చేరి బాగా నిలదొక్కుకుంది. కోవెల్ అమెరికాకు తెచ్చిన ఎక్స్ ఫ్యాక్టర్ మూడు సీజన్లతో 2013లో ముగిసింది. ఐడల్ 2018లో మరో ఛానల్‌లో మళ్లీ మొదలైనప్పుడు జడ్జీలు కేటీ పెర్రీ, లయనెల్ రిచీ, లూక్ బ్రయన్. ముగ్గురూ అమెరికన్లే, ముగ్గురూ గాయకులే. 2016 నుంచి అమెరికాస్ గాట్ టాలెంట్‌లో ఉన్న కోవెల్ కూడా బంగారు బజర్ నొక్కి పిల్లలను కౌగిలించుకుంటున్నాడు.

మీ అమ్మాయి చూస్తున్న వీడియోల కింద ఉన్న సంవత్సరాలు ఒకసారి గమనించమనండి. ఆమె చూపించే కటువైన వాటిలో ఎక్కువ భాగం 2002కూ 2010కీ మధ్యవై ఉంటాయని నా అంచనా.